యంత్రం ఆగితే ఎవరిని పిలుస్తారు?

రోబోలు వచ్చేశాయి, ఇక ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలుండవని ఒకరు భయపెడతారు. ఇంజినీరింగ్ అంటే కంప్యూటర్ సైన్సేనని ఇంకొకరు తేల్చేస్తారు. ఐటీఐలో చేరాలా, పాలిటెక్నిక్ చదవాలా, మెకానికల్ బ్రాంచి తీసుకుంటే దారి ఉంటుందా అని పదో తరగతి, ఇంటర్ దాటిన పిల్లలు ఈ రెండు మాటల మధ్య తికమకపడుతున్నారు. పెనుకొండ కార్ల కర్మాగారం నుంచి బాలానగర్ వర్క్‌షాపుల దాకా అసలు పని ఎలా మారింది? ఆ మార్పులో మన పిల్లలకు చోటెక్కడ?

బియ్యం బస్తా మీద ‘సార్టెక్స్’ అన్న ముద్ర చూడని తెలుగు ఇల్లు ఉండదు. మిర్యాలగూడ నుంచి మండపేట దాకా రైస్‌మిల్లుల్లో ఇప్పుడు బియ్యం ఏరేది యంత్రమే. ఏటవాలు రేకుల మీద బియ్యం ధారగా జారుతుంటే కెమెరాలు గింజ గింజనూ చూస్తాయి. రంగు మారిన గింజో, నల్ల గింజో, రాయో కంటపడిందా, సన్నని రంధ్రం నుంచి గాలి దూసుకొచ్చి దాన్ని పక్కకు కొట్టేస్తుంది. ఇదంతా జరగడానికి రెప్పపాటు కన్నా తక్కువ సమయం చాలు.

ఒకప్పుడు ఈ పని ఆడవాళ్ల చేటల్లో జరిగేది. ఆ పని పోయింది. దాని చోట వేరే పనులు పుట్టాయి. కెమెరా అద్దం మీద తవుడు దుమ్ము పేరుకోకుండా చూడాలి. కంప్రెసర్ పంపే గాలిలో తేమ లేకుండా చూడాలి. పచ్చి బియ్యానికి పెట్టిన సెట్టింగు ఉప్పుడు బియ్యానికి పనికిరాదు కాబట్టి రకాన్ని బట్టి మార్చాలి. సీజన్లో ఆ ఒక్క యంత్రం మొరాయిస్తే మిల్లు మొత్తం ఆగిపోతుంది. అప్పుడు మిల్లు యజమాని ఫోన్ చేసేది ఆ యంత్రం గుట్టు తెలిసిన మనిషికే.

ఆటోమేషన్ అనగానే వచ్చే వాదనలన్నిటికీ మూలం ఈ మిల్లులోనే దొరుకుతుంది. పని పోయిన మనిషి, కొత్త పని దొరికిన మనిషి ఒకరే కాదు. చేట పట్టిన చేతికి సెట్టింగులు మార్చడం ఎవరూ నేర్పలేదు. ఆ నేర్పే ఏర్పాటు ఉందా లేదా అన్నదే ఈ తరం పిల్లల ఉద్యోగాలను తేలుస్తుంది.

అంకెల్లో రోబోలు

అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ కర్మాగారంలో 1961లో ‘యూనిమేట్’ అనే యంత్రం పనిలోకి దిగింది. అచ్చు నుంచి అప్పుడే బయటికొచ్చిన, చెయ్యి పెడితే కాలిపోయే లోహపు ముక్కలను తీసి పక్కన పెట్టడం దాని పని. పరిశ్రమలో పనిచేసిన తొలి రోబో అదే. ప్రపంచ కర్మాగారాల్లో ఇప్పుడు 46 లక్షలకు పైగా రోబోలు పనిచేస్తున్నాయని అంతర్జాతీయ రోబోటిక్స్ సమాఖ్య లెక్క. 2024లో కొత్తగా బిగించినవే 5.42 లక్షలు. వాటిలో సగానికి పైగా ఒక్క చైనాలోనే చేరాయి.

అదే ఏడాది మన దేశంలో బిగించినవి దాదాపు 9,100. చైనాతో పోలిస్తే చాలా తక్కువే. అయినా ఏడాదిలో కొత్తగా బిగించిన రోబోల సంఖ్యలో భారత్ ప్రపంచంలో ఆరో స్థానానికి చేరింది. వీటిలో సగానికి కాస్త తక్కువ కార్లు, వాహన విడిభాగాల కర్మాగారాలకే వెళ్లాయి. దక్షిణ కొరియాలో 2023 నాటికి ప్రతి పదివేల మంది కార్మికులకు వెయ్యికి పైగా రోబోలున్నాయి. అంత దట్టంగా యంత్రాలు దిగిన ఆ దేశంలో అదే ఏడాది నిరుద్యోగం మూడు శాతం లోపే ఉంది. రోబోల వల్లే ఉద్యోగాలు పెరిగాయని దీని అర్థం కాదు. రోబోలు దిగిన చోటల్లా మనుషులు రోడ్డున పడతారన్నది మాత్రం నిలవని మాట.

పెనుకొండలో ఎవరి పని ఏది?

వానల కోసం ఎదురుచూసే అనంతపురం నేలల్లో, పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్ల కర్మాగారం వచ్చింది. 2017 ఏప్రిల్లో ఒప్పందం కుదిరింది. 2019 ఆగస్టులో సెల్టోస్ కార్లు తయారై బయటికి రావడం మొదలైంది. 536 ఎకరాల ప్రాంగణం, ఏడాదికి మూడు లక్షల కార్ల సామర్థ్యం. 2023 జులైలో పది లక్షలవ కారు అక్కడి నుంచి బయటికొచ్చింది. ఆ కర్మాగారంలో 300కు పైగా రోబోలు పనిచేస్తున్నాయి.

ఈ రోబోలు కర్మాగారమంతా సమానంగా పరచుకుని ఉండవు. ప్రపంచంలో ఏ ఆధునిక కార్ల కర్మాగారాన్ని చూసినా కథ ఒకటే. ఉక్కు రేకును తలుపుగా, బానెట్‌గా వంచే ప్రెస్ షాప్ దాదాపు పూర్తిగా యంత్రాలదే. ఆ ముక్కలను అతికే బాడీ షాప్‌లో ఒక్కో కారుకు వేల స్పాట్ వెల్డింగులు పడతాయి. నిప్పురవ్వలు, బరువు, ఒకే పనిని ఒకే చోట వేలసార్లు తప్పకుండా చేయాల్సిన అవసరం ఉన్నందున అక్కడ రోబోలదే రాజ్యం. పెయింట్ షాప్‌లోనూ అంతే. రసాయనాల ఘాటు మనిషికి మంచిది కాదు, పూత మందం అంతటా ఒకేలా పడాలి.

చివరిదైన అసెంబ్లీ లైన్‌కు వచ్చేసరికి దృశ్యం మారిపోతుంది. అక్కడ మనుషులు బారులు తీరి ఉంటారు. వైర్ల కట్ట, తలుపు చుట్టూ వేసే రబ్బరు, కింద పరిచే కార్పెట్ మెత్తగా ఉంటాయి, ప్రతిసారీ ఒక్కో రకంగా వంగుతాయి. బిగుసుకున్న ఉక్కును అలవోకగా ఎత్తే రోబోకు వదులుగా వేలాడే వైరును పట్టి సందులో దూర్చడం ఇప్పటికీ కష్టమే. కారు లోపలి వైరింగ్ హార్నెస్‌ను ప్రపంచమంతటా ఇప్పటికీ ఎక్కువగా చేతులతోనే అల్లుతున్నారు. భీమవరం చుట్టుపక్కల ప్రాసెసింగ్ ప్లాంట్లలో రొయ్య తొక్క తీసే పని ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీదే సాగడానికీ ఇలాంటి కారణమే ఉంది. సరుకు మెత్తన, సైజు తీరు తీరు.

ఈ సంగతి పట్టించుకోకుండా పోయినవాళ్లు దెబ్బతిన్నారు. టెస్లా మోడల్ 3 కారు కోసం విడిభాగాలు మోసే కన్వేయర్ల వల అల్లుకుని, అది పనిచేయక పీకేసింది. ఆటోమేషన్ అతిగా పెట్టడం తన తప్పేనని, మనుషులను తక్కువగా అంచనా వేశారని 2018 ఏప్రిల్లో ఎలాన్ మస్కే బహిరంగంగా ఒప్పుకున్నాడు. అడిడాస్ సంస్థ రోబోలతో బూట్లు కుట్టేందుకు జర్మనీ, అమెరికాల్లో ‘స్పీడ్ ఫ్యాక్టరీ’లు తెరిచి కొన్నేళ్లకే రెండిటినీ మూసేసింది.

రోబో పక్కన నిలబడే మనిషి

రోబోకు పని నేర్పడం దూరాన ఏసీ గదిలో కూర్చుని చేసేదని చాలామంది అనుకుంటారు. డిజైన్ దశలో కొంత పని కంప్యూటర్ మీద జరుగుతుంది, నిజమే. కానీ లైన్ మీద మోడల్ మారినా, రేకు కొలత వెంట్రుకవాసి తేడా వచ్చినా మనిషి రోబో చుట్టూ ఉన్న కంచె లోపలికి వెళ్లి, ‘టీచ్ పెండెంట్’ అనే కంట్రోలర్ చేతిలో పట్టుకుని, రోబో చేతిని ఒక్కో బిందువుకూ నడిపించి నేర్పాల్సిందే.

ఆ పెండెంట్‌లో ఒక చిన్న మీట ఉంటుంది. దాన్ని మధ్యస్తంగా నొక్కి పట్టుకుంటేనే రోబో కదులుతుంది. వదిలేసినా ఆగుతుంది, గట్టిగా బిగించినా ఆగుతుంది. భయపడిన మనిషి చేతిలోది వదిలేస్తాడు, లేదా బిగుసుకుపోతాడు. రెండిటిలో ఏది జరిగినా ప్రాణం దక్కాలని అలా చేశారు. నేర్పే సమయంలో రోబో వేగం సెకనుకు 250 మిల్లీమీటర్లు దాటకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. 1979 జనవరిలో అమెరికాలోని ఫోర్డ్ కాస్టింగ్ ప్లాంటులో యంత్రపు చెయ్యి తగిలి ఒక యువ కార్మికుడు చనిపోయాడు. రోబో చేతిలో మనిషి మరణించిన తొలి ఘటన అది. ఇలాంటి ప్రమాదాల నుంచి నేర్చుకుంటూనే కంచెలు, కాంతి తెరలు, తాళం వేసి చీటీ తగిలించాకే లోపలికి అడుగుపెట్టే కట్టుబాట్లు వచ్చాయి. వీటిని చదివి, అర్థం చేసుకుని, షిఫ్టు తొందరలోనూ పక్కన పెట్టని మనిషికి ఫ్యాక్టరీలో ఎప్పుడూ గౌరవం ఉంటుంది.

జపాన్‌కు చెందిన సకిచి టయోడా 1924లో తయారుచేసిన మగ్గం దారం తెగగానే తనంతట తాను ఆగిపోయేది. టయోటా కార్ల తయారీ పద్ధతికి పునాది పడింది అక్కడే. తప్పు జరిగితే యంత్రం ఆగాలి, మనిషి వచ్చి కారణం కనుక్కోవాలి. ఆగిన యంత్రాన్ని మళ్లీ స్టార్ట్ చేయడం ఎవరైనా చేస్తారు. ఎందుకు ఆగిందో, మళ్లీ ఆగకుండా ఏం చేయాలో చెప్పగలిగినవాళ్లు తక్కువ. ఆధునిక కర్మాగారంలో అసలు జీతం ఆ తక్కువమందికే.

ఎలక్ట్రీషియన్ చదవగలిగే ప్రోగ్రామ్

ఫ్యాక్టరీలో యంత్రాలను నడిపే మెదడు పేరు పీఎల్‌సీ (ప్రోగ్రామబుల్ లాజిక్ కంట్రోలర్). లిఫ్టులో, సీసాలు నింపే లైన్‌లో, సిమెంటు కొలిమిలో, నీటి శుద్ధి కేంద్రంలో, ఎక్కడ చూసినా అదే. ఇది రాకముందు వందల రిలేలను వైర్లతో కలిపిన పెద్ద పెద్ద ప్యానెళ్లుండేవి. కారు మోడల్ మారిన ప్రతిసారీ వాటిని విప్పి మళ్లీ వైరింగ్ చేయాల్సి వచ్చేది. ఈ బాధ పడలేక జనరల్ మోటార్స్‌కు చెందిన హైడ్రామాటిక్ విభాగం 1968లో ప్రత్యామ్నాయం కావాలని అడిగింది. డిక్ మోర్లీ బృందం చేసిన ‘మోడికాన్ 084’ అలా పుట్టింది. ఆ బృందానికి అది 84వ ప్రాజెక్టు.

ఈ యంత్రానికి రాసే ప్రోగ్రామ్ నిచ్చెన ఆకారంలో ఉంటుంది. రెండు నిలువు గీతలు, మధ్యలో మెట్లలా వరసలు. అప్పటికే రిలే ప్యానెళ్ల డ్రాయింగులు చదవడం అలవాటైన ఎలక్ట్రీషియన్లకు కొత్త చదువు అక్కర్లేకుండా అర్థమవ్వాలనే అలా తీర్చిదిద్దారు. అంటే ఆటోమేషన్‌కు ఆయువుపట్టైన ఈ పరికరాన్ని తయారుచేసినవాళ్లు కంప్యూటర్ శాస్త్రవేత్తల కన్నా ముందు మెయింటెనెన్స్ కార్మికుడినే మనసులో పెట్టుకున్నారు.

ఇప్పటికీ పరిస్థితి అదే. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ ట్రేడ్ చేసి, మోటారు వైండింగు నుంచి ప్యానెల్ వైరింగ్ దాకా చేతులతో చేసిన కుర్రాడు పీఎల్‌సీ నేర్చుకుంటే అతడికి దాని వెనకున్న కరెంటు సంగతి ముందే తెలుసు. సెన్సర్ వెలగలేదంటే అది చెడిందో, వైరు తెగిందో, ఫ్యూజు పోయిందో, ప్రోగ్రామ్‌లోనే తప్పుందో వరసగా తేల్చుకోగలడు. కోడింగ్ ఒక్కటే తెలిసినవారికి ఈ వరస తెలియదు. చెయ్యీ తలా రెండూ పనిచేసే ఈ కలయికకే మెకట్రానిక్స్ అని పేరు. శ్రీసిటీలో ఏసీల నుంచి మెట్రో రైలు బోగీల దాకా తయారుచేస్తున్న కంపెనీలకైనా, కొంగరకలాన్‌లోని ఫాక్స్‌కాన్‌కైనా ప్రతి షిఫ్టులోనూ ఇలాంటివాళ్లు కావాలి.

బాలానగర్ పాఠం

తెలుగు నేలకు ఇనుముతో పని చేయడం కొత్త కాదు. ఆల్విన్, ప్రాగా టూల్స్ నిజాం కాలంలోనే మొదలయ్యాయి. తర్వాత బీహెచ్‌ఈఎల్, హెచ్‌ఎంటీ, ఈసీఐఎల్, ఐడీపీఎల్ వచ్చాయి. వాటిలో కొన్ని మూతపడ్డాయి. కానీ వాటి చుట్టూ అల్లుకున్న నైపుణ్యం బాలానగర్, కూషాయిగూడ వీధుల్లోని చిన్న చిన్న వర్క్‌షాపుల్లో బతికింది. 1970లో బాలానగర్‌లో మొదలైన ఎంటీఏఆర్ పూర్తి పేరు ‘మెషీన్ టూల్స్ ఎయిడ్స్ అండ్ రీకండిషనింగ్’. యంత్రాలను బాగుచేయడాన్ని పేరులోనే పెట్టుకున్న ఆ సంస్థ ఇప్పుడు అణు రియాక్టర్లకు, ఇస్రో రాకెట్ ఇంజిన్లకు భాగాలు చేసిస్తోంది. ఆదిభట్లలో టాటా, బోయింగ్ ఉమ్మడి సంస్థ 2018 నుంచి అపాచీ హెలికాప్టర్ల బాడీలు తయారుచేస్తోంది. హైదరాబాద్‌లోనే పుట్టిన స్కైరూట్ 2022 నవంబరు 18న దేశంలో తొలి ప్రైవేటు రాకెట్ విక్రమ్-ఎస్‌ను ప్రయోగించింది. దాని ఇంజినీర్లు ఇంజిన్ భాగాలను 3డీ ప్రింటింగ్‌తో చేస్తున్నారు.

ఇలాంటి పనిలో కొలత మైక్రాన్లలో ఉంటుంది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. దానిలో పదో వంతు తేడా వచ్చినా ‘జాబ్’ (తయారైన ముక్క) రిజెక్ట్ అవుతుంది. కంప్యూటర్ ఆజ్ఞలతో లోహాన్ని కోసే సీఎన్‌సీ యంత్రం మీద పనిచేసేవారిలో మూడు మెట్లున్నాయి. ఆపరేటర్ ముక్క పెట్టి బటన్ నొక్కుతాడు. సెట్టర్ టూలు బిగించి, ఆఫ్‌సెట్లు సరిచేసి, తొలి ముక్కను కొలతకు తెస్తాడు. ప్రోగ్రామర్ డ్రాయింగు చూసి ఏ కోత ముందు, ఏది వెనక, ఎంత వేగం అని నిర్ణయిస్తాడు.

బటన్ నొక్కే పనిని ముక్కలు ఎక్కించి దించే రోబోలు చేసేస్తున్నాయి. కాబట్టి మొదటి మెట్టు మీదే ఆగిపోయిన ఆపరేటర్‌కు ముప్పు తప్పదు. టూలు అరిగిందని శబ్దాన్ని బట్టి, రాలే చిప్స్ రంగును బట్టి పసిగట్టే సెట్టర్ మాత్రం ఆటోమేషన్ పెరిగేకొద్దీ ఇంకా అవసరమవుతాడు. ఎందుకంటే రాత్రంతా మనిషి లేకుండా నడవాల్సిన యంత్రాన్ని సాయంత్రం సరిగ్గా సెట్ చేసి వెళ్లేది అతడే.

ఈ విద్యకు బాలానగర్‌లోనే పాత చిరునామా ఒకటుంది. ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో 1968లో కేంద్రం పెట్టిన సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ అది. పదో తరగతి తర్వాత నాలుగేళ్లు చదివే టూల్ అండ్ డై మేకింగ్ డిప్లొమా దాని ప్రత్యేకత. ప్లాస్టిక్ మగ్గు నుంచి కారు డ్యాష్‌బోర్డు దాకా ప్రతిదానికీ ముందు అచ్చు కావాలి. ఆ అచ్చు చేసేవారికి ఏ దేశంలోనైనా పని దొరుకుతుంది.

కొలత తప్పితే ప్రాణం పోతుంది

తెలుగు రాష్ట్రాల్లో ఆటోమేషన్ ఉద్యోగాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ కార్లు, ఫోన్ల దగ్గర ఆగిపోతారు. జీడిమెట్ల, పాశమైలారం, పరవాడ, పైడిభీమవరాల్లోని మందులు, రసాయనాల కర్మాగారాలు ఎవరికీ గుర్తురావు. అక్కడ రియాక్టర్ ఉష్ణోగ్రత, ఒత్తిడి, ప్రవాహం అన్నీ పరికరాలే కొలుస్తాయి, వాల్వులను కంప్యూటర్లే తెరిచి మూస్తాయి. వాటిని కాలిబ్రేట్ చేసి, నమ్మదగినవిగా ఉంచే ఇన్‌స్ట్రుమెంటేషన్ టెక్నీషియన్ బయటివాళ్లకు కనిపించడు.

అతడి పనిలోని తెలివికి ఒక ఉదాహరణ చాలు. ట్యాంకు దగ్గరి పరికరం కంట్రోల్ రూముకు పంపే కరెంటు నాలుగు నుంచి ఇరవై మిల్లీ ఆంపియర్ల మధ్య ఉంటుంది. సున్నా కొలతకు సున్నా కరెంటు పెట్టలేదు, నాలుగు పెట్టారు. ఎందుకు? నిజంగా కొలత సున్నా అయితే నాలుగు వస్తుంది. వైరు తెగితే సున్నా వస్తుంది. అలా చేయకపోతే తెగిన వైరును చూసి ట్యాంకులో అంతా ప్రశాంతంగా ఉందని మోసపోయే ప్రమాదం ఉంది.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి పాకి 12 మంది ప్రాణాలు పోయాయి. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీ ఆ ట్యాంకులో ఉష్ణోగ్రతను అడుగు భాగంలోనే కొలిచేవారని తేల్చింది. పై భాగం వేడెక్కుతున్న సంగతి ఏ కొలతలోనూ కనిపించలేదు. సైరన్ మోగించడానికి 36 చోట్ల ఏర్పాట్లున్నా ఆ వేళ అవి అక్కరకు రాలేదు. ట్యాంకులో ఎక్కడెక్కడ సెన్సర్ ఉండాలి, ఏ అలారం ఎవరికి వినబడాలి, అది పనిచేస్తోందని ఎన్నాళ్లకోసారి పరీక్షించాలి అన్న ప్రశ్నలు అడిగే మనుషులకు చదువూ ఉండాలి, యాజమాన్యం ముందు నోరు విప్పే అధికారమూ ఉండాలి. ప్రాసెస్ సేఫ్టీని ఉద్యోగంగా ఎంచుకునే పిల్లలు చేసేది ఊళ్లను కాపాడే పని.

మందుల పరిశ్రమలో ఇంకో కొత్త కొలువు ఉంది. ఎలక్ట్రానిక్ రికార్డులను ఎలా ఉంచాలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1997లోనే నిబంధనలు తెచ్చింది. యంత్రం రాసిన లెక్కను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో చెరిగిపోకుండా ఉండాలి. ఈ వ్యవస్థలు సరిగా ఉన్నాయని పరీక్షించి, రుజువులు సిద్ధం చేసేవారిని వాలిడేషన్ ఇంజినీర్లంటారు. అమెరికాకు మందులు పంపే ప్రతి కర్మాగారానికీ వీరు కావాలి. ఫార్మసీ, కెమిస్ట్రీ, ఇన్‌స్ట్రుమెంటేషన్ చదివినవారు ముగ్గురూ ఇక్కడ కలుస్తారు.

భయంలో నిజమెంత?

ఉద్యోగాలు పోవడమన్నది వట్టి భయం కాదు. నోబెల్ గ్రహీత డారన్ ఏస్‌మోగ్లు, పాస్కువల్ రెస్ట్రెపోలు 1990 నుంచి 2007 దాకా అమెరికా లెక్కలు తీశారు. ప్రతి వెయ్యిమంది కార్మికులకు ఒక రోబో పెరిగితే జనాభాలో ఉద్యోగుల వాటా 0.2 శాతం పాయింట్లు, వేతనాలు 0.42 శాతం తగ్గాయని తేల్చారు.

జర్మనీ మీద జరిగిన అధ్యయనంలో చిత్రం వేరుగా ఉంది. అక్కడ రోబోల వల్ల మొత్తం ఉద్యోగాలు తగ్గలేదు. కర్మాగారాల్లో పోయినవి సేవారంగంలో వచ్చాయి. ఉన్న కార్మికులను తీసేయకుండా కంపెనీలు వారికి అదే గేటు లోపల వేరే పని అప్పగించాయి. నష్టపోయింది కొత్తగా చేరాల్సిన యువకులు. వారికోసం తెరుచుకోవాల్సిన ఉద్యోగాలు తగ్గాయి. యంత్రం తలుపు మూసింది లోపలున్నవారికి కాదు, బయట నిలబడ్డవారికి. పని చేయగల వయసు వారు కోట్ల సంఖ్యలో బయట నిలబడి ఉన్న మన దేశానికి ఈ పాఠం చాలా ముఖ్యం.

ఇక్కడ ఆ తలుపు దగ్గర ఇంకో అడ్డంకి ఉంది. దేశంలోని రిజిస్టరైన కర్మాగారాల్లో పదిమంది కార్మికులుంటే నలుగురు కాంట్రాక్టు మీదే ఉన్నారని వార్షిక పరిశ్రమల సర్వే చెబుతోంది. పదకొండు నెలలకు ఇంటికి పంపేసే మనిషికి రోబో నేర్పాలని ఏ మేనేజరూ అనుకోడు. నేర్పకపోతే ఆ కుర్రాడు ఎప్పటికీ మొదటి మెట్టు మీదే ఉంటాడు, తొలి రోబో వచ్చిన రోజున బయటికి పోయేది అతడే. యంత్రాల మీద కోట్లు పోసి మనుషుల మీద వేలు కూడా పెట్టని కంపెనీ తన లైన్ ఆగినప్పుడు బయటి ఊరి ఇంజినీరు కోసం గంటల తరబడి ఎదురుచూస్తుంది.

ఐటీఐల సంగతీ ఇంతే. దేశంలో వీటి సంఖ్య దాదాపు 15 వేలు. చాలాచోట్ల పిల్లలు ఇప్పటికీ పాత లేత్ ముందే నిలబడుతున్నారు. కొంత కదలిక మొదలైంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లిలో శ్రీకారం చుట్టారు. అంచనా వ్యయం 2,324 కోట్ల రూపాయలు. ఇండస్ట్రియల్ రోబోటిక్స్, అడ్వాన్స్‌డ్ సీఎన్‌సీ మెషీనింగ్, ప్రాసెస్ కంట్రోల్ అండ్ ఆటోమేషన్, ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ వంటి కోర్సులు పెట్టారు. దేశవ్యాప్తంగా వెయ్యి ప్రభుత్వ ఐటీఐలను బాగుచేసేందుకు 60 వేల కోట్ల పథకానికి 2025 మేలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. యంత్రాలు కొనడం తేలిక. వాటిని విప్పి చూపించి నేర్పే ఇన్‌స్ట్రక్టర్లను తేవడమే కష్టం. వారికి మంచి జీతమిచ్చి, ఏటా కొన్ని వారాలు ఫ్యాక్టరీకి పంపి కొత్త పని నేర్పించకపోతే ఆ రోబోలు అద్దాల గదిలో బొమ్మలుగా మిగులుతాయి.

ఏ దారిలో వెళ్లాలి?

పదో తరగతి తర్వాత: ఐటీఐలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, ఎలక్ట్రానిక్స్ మెకానిక్, మెషినిస్ట్ పాత ట్రేడ్లే అయినా బలమైన పునాదులు. మెకట్రానిక్స్, ఇండస్ట్రియల్ రోబోటిక్స్ ట్రేడ్లు దొరికితే ఇంకా మంచిది. టూల్ అండ్ డై డిప్లొమా ఇంకో దారి.

పాలీసెట్ రాస్తే: మెకానికల్, ఎలక్ట్రికల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ డిప్లొమాలు మూడేళ్లు. ఆ తర్వాత ఈసెట్‌తో ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరవచ్చు. ఐటీఐ చేసినవారికీ బ్రిడ్జి కోర్సు ద్వారా పాలిటెక్నిక్ రెండో ఏడాదిలోకి వెళ్లే వీలుంది.

బీటెక్ పిల్లలకు: మెకానికల్ చదువుతుంటే పీఎల్‌సీ, కంట్రోల్స్ నేర్చుకోవాలి. కంప్యూటర్ సైన్స్ చదువుతుంటే సెన్సర్లు, మోటార్ల సంగతి తెలుసుకోవాలి. కెమెరాతో లోపాలు పట్టే మెషీన్ విజన్, బేరింగ్ చెడబోతోందని కంపనాన్ని బట్టి ముందే చెప్పే ప్రిడిక్టివ్ మెయింటెనెన్స్ ఈ రెండు చదువుల కూడలిలోనే ఉన్నాయి.

ఆడపిల్లలకు: బరువులెత్తే పని యంత్రానికి పోయాక ఫ్యాక్టరీ ఉద్యోగం మగవాళ్లదన్న వాదనకు ఆధారం పోయింది. ఎలక్ట్రానిక్స్ కర్మాగారాల్లో ఇప్పటికే ఆడవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వారు అసెంబ్లీ బల్ల దగ్గరే ఉండిపోకుండా మెయింటెనెన్స్, ప్రోగ్రామింగ్ వైపు వెళ్లాలి. దానికి సురక్షితమైన హాస్టళ్లు, రాత్రి షిఫ్టుకు బస్సులు కంపెనీలే ఏర్పాటు చేయాలి.

చేరే ముందు అడగండి

కాలేజీ బ్రోచర్‌లో రోబో బొమ్మ ఉంటే సరిపోదు. పిల్లలు ఆ రోబోను స్వయంగా ఎన్ని గంటలు నడుపుతారో అడగండి. పీఎల్‌సీ కిట్ ఒక్కొక్కరికి ఉందా, ముప్పైమందికి ఒకటేనా చూడండి. నేర్పే మాస్టారు ఎప్పుడైనా ఫ్యాక్టరీలో పనిచేశారా తెలుసుకోండి. పోయిన ఏడాది ఎంతమందిని ఏ కంపెనీలు అప్రెంటిస్‌లుగా తీసుకున్నాయో పేర్లతో సహా చెప్పమనండి.

మొదటి జీతం సాఫ్ట్‌వేర్ కొలువంత ఉండకపోవచ్చు. అందుకని తొందరపడి వెనక్కి తిరగొద్దు. మొదటి మూడేళ్లలో ఎన్ని రకాల యంత్రాల మీద పని చేశారు, ఎన్ని బ్రేక్‌డౌన్‌లు సొంతంగా తేల్చారు అన్నదే తర్వాతి జీతాన్ని నిర్ణయిస్తుంది.

కంపెనీలకూ ఒక మాట. 30 మంది, అంతకుమించి పనిచేసే ప్రతి సంస్థా తన సిబ్బందిలో కనీసం రెండున్నర శాతం మంది అప్రెంటిస్‌లను తీసుకోవాలని మన చట్టం చెబుతోంది. 15 శాతం దాకా తీసుకోవచ్చు. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టైపెండ్‌లో నాలుగో వంతును, నెలకు 1,500 రూపాయల పరిమితితో, కేంద్రమే భరిస్తోంది. మీ ఊరి పక్కన కర్మాగారం ఉంటే ఈ ఏడాది అప్రెంటిస్‌లుగా ఎంతమందిని తీసుకుంటున్నారో, వారికి ఏ యంత్రం నేర్పుతారో గేటు దగ్గరికి వెళ్లి అడగండి. తీసుకోవాల్సిన బాధ్యత చట్టం వారి మీద పెట్టింది.